పాక మన దొడ్లోనే ఉంది

అన్నలూ, తమ్ముళ్లూ, క్రిస్మస్ దగ్గరికొచ్చేసింది. ఒక్క మాట చెప్పాలనిపించింది.

నిరుడు మా ఇంట్లో థర్మాకోల్‌తో పశువుల పాక పెట్టాం. పండగయ్యాక అది ముక్కలై గాలికి పంట కాలవలో పడింది. దాళ్వా నాట్లకి నీళ్లు పెడితే ఆ తెల్ల పూసలన్నీ మడిలో తేలాయి. ఏరితే తెమలవు, కుళ్లిపోవు. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు కూడా. అయినా కొన్నాను, తప్పు నాదే.

యేసు బాబుని పడుకోబెట్టింది పశువుల తొట్టిలో. కుప్ప నూర్చిన గడ్డి దొడ్లో పెట్టుకుని, పాక కోసం బజారుకెళ్లడం మనకేం ఖర్మ?

ఈసారి వెదురు బద్దలు, రంగు కాగితంతో పిల్లలే నక్షత్రం కట్టారు. గట్టు మీది సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. పాకకి మన వరిగడ్డే. తళుకులు, జిగురు అంటించకపోతే పండగయ్యాక గేదెలకి వేసేయొచ్చు. భోజనాలు అరిటాకుల్లో.

"ఇదంతా ఖర్చు తగ్గించుకోడానికేగా!" అని మా ఆవిడ నవ్వింది. అదీ నిజమే.

పండగ ఒక్క రోజు. మడి మాత్రం రేపు పిల్లలకి అప్పజెప్పాల్సింది. మీరేమంటారు?