ఫోను గీసిన బొమ్మ ఎవరిది?



గత క్రిస్మసుకు ఒక గ్రామ సంఘములోని యౌవనస్థుడు తన ఫోనులో నాలుగు మాటలు టైపు చేసి, పశువుల తొట్టి, దానిపైన నక్షత్రము ఉన్న బొమ్మ ఒకటి తెప్పించాడు. సంఘమువారు దానిని కరపత్రము మీద అచ్చు వేయించారు. ప్రక్క ఊరి సంఘమువారు ఒక్క మాటైనా అడగకుండా అదే బొమ్మ తమ కరపత్రము మీద వేసుకున్నారు. "ఇది దొంగతనము కాదా?" అని ఆ తమ్ముడు మాకు వ్రాశాడు. రెండు సంఘముల మధ్య మాటలు కూడ తగ్గిపోయాయట. అందుచేత ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

తమ్ముడూ, ముందు అమెరికాలో నడిచిన ఒక వ్యాజ్యము విను. స్టీఫెన్ థేలర్ అనే ఆయన 2018లో ఒక బొమ్మకు కాపీరైటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. పూలతీగలు కమ్ముకున్న కమాను క్రిందుగా పోయే రైలు పట్టాలు, అదీ బొమ్మ. కర్త పేరు అడిగినచోట తన పేరు గాక తన యంత్రము పేరు వ్రాశాడు! మనుష్యుడు చేయనిదానికి కాపీరైటు లేదని అక్కడి కార్యాలయము త్రోసివేసింది. 2023 ఆగస్టులో కోర్టు, 2025 మార్చిలో పై కోర్టు అదే మాట అన్నాయి.

"నేను చెప్పి గీయించాను గదా" అంటావేమో. 2023 ఫిబ్రవరిలో 'జర్యా ఆఫ్ ద డాన్' అనే బొమ్మల కథ విషయములో అదీ తేల్చారు. అందులోని బొమ్మలు మిడ్‌జర్నీ అనే యంత్రము చేసినవి. కథలోని మాటలకు, బొమ్మలు కూర్చిన తీరుకు హక్కు ఉన్నది, విడిగా బొమ్మలకు లేదు అన్నారు. మాటలు టైపు చేసినవానికి ఏ బొమ్మ వస్తుందో ముందుగా తెలియదు గదా!

మన చట్టము మాట వేరు. 1957 నాటి కాపీరైటు చట్టమును 1994లో సవరించి, కంప్యూటరు తయారుచేసిన కృతికి దానిని చేయించిన వ్యక్తియే కర్త అని చేర్చారు. చేయించినది టైపు చేసిన నీవా, యంత్రమును తయారుచేసిన కంపెనీయా? ఆ వివరము చట్టములో వ్రాయలేదు.

ఇంకొక సంగతి. నిన్ను అడగకుండా తీసుకున్నారని నీకు బాధ కలిగింది. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు మిడ్‌జర్నీ మొదలైన కంపెనీల మీద వేసిన దావాలో ఉన్నదీ అదే బాధ. తమవి, తమవంటివారివి కోట్లాది బొమ్మలు అడగకుండా తీసుకొని ఈ యంత్రములకు నేర్పారని వారి ఫిర్యాదు. నీ నక్షత్రము వెనుక ఎవరెవరి కుంచె ఉన్నదో!

ప్రక్క ఊరి పాస్టరుగారికి మేము కూడ ఉత్తరము వ్రాశాము. వచ్చే క్రిస్మసుకు మీ ఊరిలో సైను బోర్డులు వ్రాసే అన్నచేత బొమ్మ వేయించండి, ఆయన పేరు క్రింద అచ్చు వేయించండి. కూలి మాత్రము ఎగవేయవద్దు. డబ్బిచ్చి గీయించుకున్న చిత్రము మీద హక్కు, వేరే ఒప్పందము లేనప్పుడు, గీయించుకున్నవారిదే అని మన చట్టము. అప్పుడు ప్రక్క ఊరివారు మిమ్మల్ని అడగవలసి ఉంటుంది. అడిగితే ఇచ్చేయండి.