బాంబు ఎక్కడ పేలినా ఎండేది మన చేనే!

ఆగస్టు 6, హిరోషిమా దినం. సాయంత్రం 5 గంటలకు అనంతపురం టవర్ క్లాక్ దగ్గరికి తరలిరండి!

రైతన్నలారా, కూలీ అక్కచెల్లెళ్లారా, విద్యార్థి మిత్రులారా!

అణుబాంబు సంగతి ఢిల్లీ, ఇస్లామాబాద్ చూసుకుంటాయి, వాన కోసం మబ్బు చూసే మనకు దాంతో పనేముంది అనుకుంటున్నారా? మనకే ఎక్కువ పని ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల మనది. పదునైతే విత్తుతాం. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే శనక్కాయ చేను పశువుల మేతకే పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది.

2007లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక లెక్క కట్టారు. భారత్, పాకిస్థాన్ యుద్ధంలో హిరోషిమా బాంబంత బాంబులు 100 పేలితే ఏమవుతుంది? తగలబడిన నగరాల మసి ఆకాశం పైపొరల్లోకి చేరి ఏళ్ల తరబడి ఎండను అడ్డుకుంటుంది. భూమి సగటున 1.25 డిగ్రీలు చల్లబడుతుంది. ప్రపంచం మొత్తం మీద వాన పదో వంతు దాకా తగ్గుతుంది. ఆసియా రుతుపవనాలు బలహీనపడతాయి. ఉన్న వానే చాలని జిల్లాకు అందులోనూ కోత పడితే మిగిలేదేమిటి? లాహోర్‌లో పేలినా కళ్యాణదుర్గం బోరు ఎండుతుంది, ధర్మవరం మగ్గం ఆగుతుంది.

స్టాక్‌హోం శాంతి పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి మన దగ్గర సుమారు 180, పాకిస్థాన్ దగ్గర సుమారు 170 అణ్వాయుధాలున్నాయి. శాస్త్రవేత్తలు లెక్కకు తీసుకున్నది 100 మాత్రమే!

వద్దన్నది యుద్ధం చేసినవాడే!

బాంబు వద్దనేవాళ్లు పిరికివాళ్లనీ, దేశభక్తి లేనివాళ్లనీ అంటారు. అలా అనేవాళ్లు అడ్మిరల్ ఎల్. రామదాస్ గారి గురించి తెలుసుకోవాలి. 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో ఐఎన్ఎస్ బియాస్ నౌకను నడిపించి వీర్ చక్ర అందుకున్నారాయన. విశాఖలో తూర్పు నౌకాదళానికి అధిపతిగా పనిచేశారు. 1990 నుంచి 1993 దాకా దేశ నౌకాదళానికే అధిపతి.

పదవి దిగాక అలీబాగ్ దగ్గర పల్లెలో సేద్యం చేసుకుంటూ బతికారు. 1998 మేలో పోఖ్రాన్‌లో బాంబులు పేల్చి దేశమంతా మిఠాయిలు పంచుకుంటున్నప్పుడు, ఇది దేశానికి రక్షణ కాదని నిలబడి చెప్పారు. అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంలో ముందు నడిచారు. భారత్, పాకిస్థాన్ ప్రజల మధ్య స్నేహం కోసం పనిచేసినందుకు 2004లో పాకిస్థాన్‌కు చెందిన ఐ.ఎ. రెహమాన్‌తో కలిసి మెగసెసే అవార్డు అందుకున్నారు. 2024 మార్చి 15న, 90 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన వదిలిపోయిన పనిని మనం అందుకోవాలి.

"పాకిస్థాన్ దగ్గర ఉంటే మనం ఊరకుండాలా?"

న్యాయమైన ప్రశ్నే. బాంబు ఉంటే యుద్ధమే రాదని 1998లో చెప్పారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్ వచ్చింది. 527 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. బాంబు ఆ యుద్ధాన్ని ఆపలేదు. పైగా ప్రతి గొడవా అణుయుద్ధం దాకా పోతుందేమోనన్న భయం తెచ్చిపెట్టింది.

మాటలతో పని జరగదనేవాళ్లు ఇది వినండి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా మానలేదు. ఇంత కుదిరినప్పుడు ఇంకో అడుగు ఎందుకు కుదరదు?

మనం అడిగేవి ఇవి:

1. అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమన్న మన విధానాన్ని సడలించకూడదు. పాకిస్థాన్, చైనాలతో కూడా అదే మాట మీద ఒప్పందం కోసం ప్రయత్నించాలి.
2. ఇక అణు పరీక్షలు జరపబోమన్న మాటకు చట్టబద్ధత ఇవ్వాలి.
3. అణ్వాయుధాల నిషేధ ఒప్పందాన్ని 2017లో 122 దేశాలు ఆమోదించాయి. 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది. మన దేశం దానికి దూరంగా ఉంది. ముందు పరిశీలక హోదాలోనైనా ఆ ఒప్పంద దేశాల సమావేశాలకు వెళ్లాలి.

మన మాట ఎవరు వింటారంటారా?

మన పొరుగున కర్నూలు జిల్లా కప్పట్రాళ్లను చూడండి. అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. అధికారులు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే చాలు, వినక తప్పదు.

చేయాల్సిన పని:

- ఈ మూడు డిమాండ్ల మీద మీ గ్రామసభలో తీర్మానం పెట్టించండి.
- అనంతపురం, హిందూపురం ఎంపీలకు మీ చేత్తో ఉత్తరం రాయండి. పార్లమెంటులో అడగమనండి.
- ఆగస్టు 6న ఇంటికొకరు చొప్పున టవర్ క్లాక్ దగ్గరికి రండి. పిల్లల్నీ వెంట తీసుకురండి.
- చదివాక ఈ కరపత్రాన్ని పక్కవాళ్లకు ఇవ్వండి.

బాంబులు కాదు, వానలు కావాలి!
హిరోషిమా మళ్లీ వద్దు! నాగసాకి మళ్లీ వద్దు!

ఇట్లు,
అణ్వాయుధాలు వద్దనే అనంతపురం జిల్లా పౌరులు