నూటికి ఐదుగురు చదివితే చాలా?

నూటికి ఐదుగురు. మన తెలంగాణలో పల్లె పిల్లలను ఇండ్ల దగ్గరే కూర్చోబెట్టి చదివించి చూసిన ‘అసర్’ సర్వే 2022లో తేల్చిన లెక్క ఇది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయి చిన్న కథ చదవగలిగినవాళ్లు 5.2 శాతం. 2018లో 18.1 ఉండేది. సర్కారు బడి, ప్రైవేటు బడి కలిపితేనే ఇంత. ఆ లెక్క బయటికొచ్చిననాడు మా జగిత్యాల జిల్లా పెగడపల్లిలో ఎవరైనా రోడ్డు మీద కూర్చున్నారా? హోటల్లో చాయ్ తాగుతూ పేపర్ తిరగేసి క్రికెట్ పేజీకి పోయాం. వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తే ధర్నాకు దిగే మనం, పిల్లల చదువులో నూటికి తొంభై ఐదు తరుగు పోతే కిక్కురుమనలేదు.

గొప్పలకైతే తక్కువ లేదు. పదో తరగతి ఫలితాల్లో 2018లో జగిత్యాల జిల్లా 97.56 శాతంతో రాష్ట్రంలోనే ఫస్ట్. 2019లో 99.73 శాతంతో మళ్లీ ఫస్ట్. ఆ ఫలితం కోసం పొద్దుగూకేదాకా స్పెషల్ క్లాసులు నడిపిన సార్ల కష్టాన్ని తీసిపారేయను. నా గొడవ వేరు. పదిలో ఎందరు పాసయ్యారో జిల్లాలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. మూడులో ఎందరికి చదవడం వచ్చో కలెక్టరేట్‌లో అడిగినా చెప్పేవాడు లేడు.

ఈ మధ్య ఒక ఇంటి అరుగు మీద మూడో తరగతి పిల్లవాడిని చదివించి చూశాను. ఇంగ్లీషు మీడియం, మెడలో టై, పొద్దున్నే ఇంటి ముందుకు వచ్చే పచ్చ బస్సు. తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. తల్లి పక్కనే చాట ముందేసుకుని బీడీలు చేస్తోంది. పిల్లవాడు ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పాడు. పుస్తకంలోకి తొంగి చూస్తే వాడి వేలు మొదటి వరుస మీదుంది, నోరు నాలుగో వరుసలో ఉంది. పేజీ తిప్పి ఇక్కడ చదవరా అంటే మొదటి మాటకే ఆగిపోయాడు. సరే, తెలుగు వాచకం ఇచ్చాను. ‘వాన’ అన్నాడు. ‘వెలిసింది’ దగ్గర తల్లి ముఖం చూశాడు. “మంచిగనే సదువుతడు సారూ, క్లాసుల ఫస్టు వస్తడు” అన్నదామె, తునికాకు కత్తిరిస్తూనే. లేచి వెళ్లి ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చూపించింది. నిజమే, అన్నింట్లో ఏ-వన్.

ఆ తల్లికి ఇంత అబద్ధం చెప్పింది ఎవరు? ఆ బడి ఒక్కటే అంటే పొరపాటు. ఈ విద్యలో ఢిల్లీయే గురువు. పదిహేనేళ్ల పిల్లల కోసం ఓఈసీడీ నడిపే ‘పీసా’ అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. బట్టీ పట్టింది అడగదు. ఒక నోటీసో పట్టికో చేతికిచ్చి, ఇందులో ఏముంది, దీన్ని బట్టి నువ్వేం చేస్తావు అని అడుగుతుంది. 2009 విడతకు మన దేశం తమిళనాడును, హిమాచల్‌ప్రదేశ్‌ను పంపింది. 74 దేశాలు, ప్రాంతాల జాబితాలో రెండూ అట్టడుగున తేలాయి. తోడుగా కిర్గిజిస్తాన్. అప్పటి యూపీఏ సర్కారు ఏమంది? ప్రశ్నలు మన పిల్లల పరిస్థితులకు తగినట్టు లేవంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు 2012 పరీక్షకు డుమ్మా. ఎన్డీయే వచ్చాకా 2015లో డుమ్మా, 2018లో డుమ్మా. 2019లో మళ్లీ ఒప్పందం చేసుకుని, రాయడానికి కేంద్రీయ విద్యాలయాలను, నవోదయలను, చండీగఢ్‌ను ఎంచుకున్నారు. తెలివి చూశారా! తీరా 2022 జాబితాలో ఆ పేర్లూ లేవు. జెండాలు వేరు, పారిపోయే దారి ఒక్కటే.

2012లో అన్నింటికన్నా కింద నిలిచిన పెరూ తర్వాతా వచ్చి రాసింది. 2001 చివర్లో వచ్చిన పీసా ఫలితాలు చూసి జర్మనీ దేశమంతా అల్లకల్లోలమై బడుల తీరే మార్చుకుంది. మనవాళ్లు రాయరా అంటే రాస్తున్నారు, దుబాయ్‌లో. అక్కడి భారతీయ సిలబస్ బడుల పిల్లలు పీసాకు కూర్చుంటారు. ఆ బడి గోడకు ఇటుక పేర్చిన మేస్త్రీ మా దిక్కువాడే అయినా కావచ్చు. అతని కొడుకు మాత్రం ఏ లెక్కలోనూ లేడు.

ఇక మన రాష్ట్రం సంగతి. ఒక సర్కారు ‘మన ఊరు – మన బడి’ అంది, ఇంకో సర్కారు ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ అంది. టైల్స్ మీద, రంగుల మీద, నీ హయాంలో నా హయాంలో అంటూ అరుచుకున్నంతలో పదో వంతైనా, ‘ఈ పిల్ల చదవగలదా’ అన్న ప్రశ్న మీద అరిచారా? 2017 టీచర్ల నియామక పరీక్ష (టీఆర్టీ) తర్వాత మళ్లీ డీఎస్సీ టీచర్లకు నియామక పత్రాలు చేతికందింది 2024 అక్టోబర్‌లో. ఏళ్ల తరబడి చాలా మండలాల్లో ఎవరో ఒక హెడ్మాస్టరే ఇన్‌చార్జి మండల విద్యాధికారి (ఎంఈవో). 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వేకు చిన్న తరగతులు చెప్పే ఎస్జీటీలను తోలి, ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. సర్వే వద్దని కాదు, కానీ ప్రతిదానికీ చిన్నపిల్లల సారే దొరుకుతాడా? డిసెంబర్ 4న అదే మూడో తరగతి పిల్లల ముందు ‘పరఖ్’ జాతీయ సర్వే ప్రశ్నపత్రం పెట్టారు.

మా ప్రాంతంలో ఈ చదవడం రాని చదువుకు ధర ఎక్కడ చెల్లిస్తామో తెలుసా? గల్ఫ్ ఏజెంటు ఆఫీసులో. పదో తరగతి మెమో ఉంటే పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ అవుతుంది. ఇతను చదువుకున్నవాడు, కాగితం తనే చదువుకుంటాడు, ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు అని సర్కారు లెక్క. చదువు లేనివాడికి ఉండే ఆ ఒక్క తనిఖీ కూడా మెమోతో పోతుంది. ఆ మెమో పట్టుకున్న పిల్లవాడు, జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది అని రాసిన ఒప్పందం కింద సంతకం పెడతాడు. ‘ఏం రాసి ఉందిరా’ అంటే ‘ఏజెంటు చెప్పిండు గద’ అంటాడు. పీసా అడిగేది సరిగ్గా ఇదే. ఆ ప్రశ్న మన పిల్లల పరిస్థితులకు తగదట!

అందుకే పెగడపల్లి మండలంలో మూడో తరగతి పిల్లలను సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా ఒక్కొక్కరిని పిలిచి, వాళ్లు ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చదివించండి. ఊరివాళ్ల ముందు, తల్లుల ముందు. వచ్చిన అంకె పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఓఈసీడీ అక్కర్లేదు. ఆ తర్వాత ఓట్లకు వచ్చే సారును, ఏ పార్టీవాడైనా సరే, ముందు ఆ అంకె అడగండి. చెప్పలేకపోతే మైకు ముట్టనియ్యకండి.