జబ్బును దాచి చేసిన బీమా ఎవరికి ఆసరా?

గుండెపోటు నుండి కోలుకున్నవారు, కేన్సరుకు చికిత్స పూర్తిచేసుకున్నవారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరుగారూ, ఇక నాకు జీవిత బీమా ఇస్తారా?" చాలామందికి దొరికే అవకాశం ఉన్నది. కాని అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగరు: "నా జబ్బు సంగతి ఆ పత్రంలో వ్రాయాలా?" వ్రాసి తీరాలి. ఎందుకో చెబుతాను.

నేను ప్రభుత్వ వైద్యశాలలో పనిచేస్తున్న రోజులలో, గుండెపోటుకు చికిత్స పొందిన ఒక రైతు ఆ తరువాత బీమా చేసుకున్నారు. గుండెజబ్బు ఉన్నదా అన్న ప్రశ్నకు ఏజెంటే "లేదు" అని వ్రాసి సంతకం పెట్టించాడు. రెండేళ్ళు తిరగకుండానే ఆ రైతు మరో గుండెపోటుతో మరణించారు. బీమా సంస్థ మా కేసుషీటు తెప్పించుకొని సొమ్ము నిరాకరించింది. ఆయన భార్య నా వద్దకు వచ్చి, "ఆయనకు మునుపు ఏ జబ్బూ లేదని కాగితం రాసివ్వండయ్యా" అని చేతులు జోడించారు. ఆ కేసుషీటు వ్రాసినది నేనే. ఆమె అడిగినది వ్రాసి ఇవ్వలేకపోయాను. ఆ బాధ నన్ను నేటికీ విడువలేదు.

1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్, 2015 సవరణ తరువాత, మూడేళ్ళు నిండిన పాలసీని ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదంటుంది. "మూడేళ్ళు గడిస్తే చాలు" అనేవారు దీనినే చూపుతారు. కాని పెద్దజబ్బు చేసినవారికి ఆ తొలి సంవత్సరాలే గండం. పైగా ఆగిపోయిన పాలసీని పునరుద్ధరిస్తే ఆ లెక్క మళ్ళీ మొదలవుతుంది. కుటుంబం భవిష్యత్తును అటువంటి జూదంలో పెట్టవచ్చునా?

నిజం వ్రాస్తే సంస్థ ఎక్కువ ప్రీమియం అడగవచ్చు, కొంతకాలం ఆగమనవచ్చు, నిరాకరించనూ వచ్చు. ఒకరు కాదన్నదానిని మరొకరు అంగీకరించవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, ఎకో, బయాప్సీ వంటి రిపోర్టులు భద్రపరచుకోండి. మందులు క్రమంగా వాడి, రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకొని, పొగాకు మానినవారికి అవకాశాలు మెరుగుపడతాయి. సంస్థలు కూడా జబ్బు పేరు చూసి తలుపు మూయక, రోగి ప్రస్తుత స్థితిని చూడాలని నా అభిప్రాయం.

వ్యక్తిగత పాలసీ దొరకనివారు నిరాశపడనక్కరలేదు. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో 18 నుండి 50 ఏళ్ళ లోపువారు బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 436 రూపాయలతో, వైద్యపరీక్షలు లేకుండా, 2 లక్షల రూపాయల బీమా పొందవచ్చు. భవిష్యనిధి చందాదారులైన ఉద్యోగులకు దానితోపాటే గరిష్ఠంగా 7 లక్షల వరకు బీమా ఉంటుంది.

చివరిగా ఒక మనవి. ఇంగ్లీషు పత్రంలో ఏమి వ్రాశారో తెలుగులో చదివించుకోకుండా సంతకం చేయకండి. ఇప్పటికే పాలసీ ఉన్నవారు ఈ రోజే దానిని తీసి, ఆరోగ్యం గురించిన జవాబులు చూడండి. ఉన్న జబ్బుకు "లేదు" అని ఉంటే సంస్థకు వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెరగవచ్చు, పాలసీ రద్దు కూడా కావచ్చు. అయినా ఆ సంగతి మీరుండగానే తేలడం మేలు. మీ తదనంతరం దానికి జవాబు చెప్పవలసిన అవస్థ మీ ఇల్లాలికి రానీయకండి.