గేమింగ్ క్లబ్బుకు ఏ రిజిస్ట్రేషన్?

మన హాస్టల్లో చదివి వెళ్లిన తమ్ముళ్లు కొందరు బీజీఎంఐ ఆడే క్లబ్బు పెడదామంటున్నారు. పెద్దలు వ్యసనమంటారు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. 2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. పందేల వైపు పోతే ఏ రిజిస్ట్రేషనూ కాపాడదు.

ఇక ఏ పద్ధతిలో పెట్టాలి? కంపెనీ అంటే మనవాళ్లకు మోజు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు. కానీ ఏటా ఆడిట్, రిటర్నుల ఖర్చు ఎవరు భరిస్తారు? ఫోను కొనడానికే అప్పు చేసే పిల్లలు మనవాళ్లు. ట్రస్టులో పెత్తనమంతా ట్రస్టీలదే, ఆడేవాడికి ఓటుండదు.

నా ఓటు సొసైటీకే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టరు చేయించుకోవచ్చు. అందరూ కూర్చుని కార్యవర్గాన్ని ఎన్నుకోవచ్చు, లెక్క అడగవచ్చు. (మెస్ కమిటీలో లెక్కలడిగి తిట్లు తిన్నవాళ్లే ఇక్కడా పనికొస్తారు!)

చిక్కంతా ప్రైజ్ మనీ దగ్గరే. స్నేహాలు చెడేదీ అక్కడే. సొసైటీ లాభాలను సభ్యులు పంచుకోకూడదు. ఆడినందుకు ఇచ్చే పారితోషికం వేరు, లాభం పంచుకోవడం వేరు. గెలిచిన సొమ్ములో ఆటగాళ్లకెంత, క్లబ్బుకెంత అన్నది మొదటి టోర్నమెంటుకు ముందే బైలాస్‌లో రాసుకోవాలి. ఇంటర్ చదివే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఆడించండి గానీ, 18 నిండనివారితో ఒప్పందాల మీద సంతకాలు చేయించకండి, అవి చెల్లవు. బ్యాంకు ఖాతా ఒక్కరి పేరున వద్దు. క్లబ్బు పేరునే, ఇద్దరి సంతకాలతో తెరవండి.