అన్నం దగ్గర రాజకీయం మాట్లాడుకోవాలా?

ఎస్సే పేపర్ ప్రాక్టీస్ కోసం ఈ వారం నేను పెట్టుకున్న టాపిక్ ఇది. మామూలుగా అయితే ప్లేటోతోనో అంబేడ్కర్‌తోనో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి మా ఇంటితోనే మొదలుపెడతాను.

మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. నేను పుట్టకముందే బాపు పవర్‌లూమ్ పని కోసం సూరత్ వచ్చాడు. లింబాయత్‌లో ఉంటాం. సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్ట్ కాబట్టి అందరం కలిసి తినేది వారానికి ఒక్క రాత్రే. డైనింగ్ టేబుల్ లేదు, కింద కూర్చుని తింటాం. 2023 డిసెంబర్ 3న తెలంగాణ ఫలితాలు వచ్చిన రోజు ఆ ఒక్క పూట కూడా పాడైంది. బాపుది ఒక పార్టీ, చిన్నాయనది ఇంకో పార్టీ. మాటామాటా పెరిగి చిన్నాయన కంచంలో సగం అన్నం ఉండగానే లేచిపోయాడు. ఐదు నెలలు మా గడప తొక్కలేదు. విచిత్రం ఏమిటంటే, ఇద్దరికీ తెలంగాణలో ఓటే లేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఒక రూలు పెట్టింది: అన్నం దగ్గర రాజకీయం వద్దు. ఆమెను తప్పుపట్టలేను. పరాయి ఊళ్లో జ్వరం వచ్చినా, అద్దె కట్టలేకపోయినా పరుగెత్తుకొచ్చేది చిన్నాయనే. ఏ పార్టీ రాదు. ఈ వాదన బలమైనదే. నేనూ చాలాకాలం దాన్నే ఒప్పుకున్నాను.

2024 లోక్‌సభ ఎన్నికలు నా అభిప్రాయాన్ని మార్చాయి. చిన్నాయన ఉండేది కతార్‌గామ్‌లో. అది సూరత్ నియోజకవర్గం. మా లింబాయత్ నవ్‌సారీ కిందికి వస్తుంది. ఏప్రిల్ 21న సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. ప్రతిపాదకుల సంతకాల మీద వివాదం వచ్చింది. మరుసటి రోజు మిగతా అభ్యర్థులు తప్పుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మే 7న మా వేళ్లకు సిరా అంటింది, అదే నగరంలో చిన్నాయన వేలికి అంటలేదు.

ఆ రాత్రి ఆయన తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. కూర్చున్నాక బాపుతో కాదు, నాతో అన్నాడు: "నువ్వు గివే చదువుతున్నవ్ గదరా. నా ఓటు ఏమైనట్టు?"

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 53 గురించి చెప్పాను. పోటీలో మిగిలిన అభ్యర్థులు సీట్ల సంఖ్యతో సమానమైతే పోలింగ్ ఉండదు, రిటర్నింగ్ అధికారి నేరుగా ఫలితం ప్రకటిస్తారు. అందరూ విన్నారు. అప్పుడు అమ్మ అడిగింది: "ఒక్కడే నిలవడితే ఏంది? ఎవ్వలొద్దు అనే బటన్ ఉన్నది గదా. గది ఒత్తనియ్యద్దా?"

నా దగ్గర జవాబు లేదు. 2013లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చిందని నాకు తెలుసు. ఒక్క అభ్యర్థే ఉన్నచోట నోటాకు చోటు లేకపోవడం సరైనదేనా అన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. ఆ తర్వాత విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ అనే సంస్థ సరిగ్గా ఈ విషయం మీదే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఐదో తరగతితో ఆగిపోయిన మా అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగిన ప్రశ్న అది.

ఆ రాత్రి ఎవరూ గొడవపడలేదు. ఎందుకని తర్వాత ఆలోచించాను. డిసెంబర్‌లో మాట్లాడుకున్నది పార్టీల గురించి, మేలో మాట్లాడుకున్నది మా గురించి. వరంగల్‌లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీ వెళ్లిన నేతన్నలు తిరిగి రావాలన్నది అప్పుడు చెప్పిన మాట. దాన్ని ఎవరు తెచ్చారని బాపు, చిన్నాయన ఎన్నోసార్లు కొట్లాడారు. అక్కడ కూలి ఎంత గిట్టుతుంది, మనం వెళ్తే బతకగలమా అని ఒక్కసారీ లెక్కవేయలేదు.

ఇంకో మాట. మౌనం వల్ల ఇంట్లో శాంతి ఉంటుందనుకుంటాం. ఆ మౌనంలో ఎవరి మాట చెల్లుతుందో చూడం. మా ఇంట్లో బాపు చెప్పిన గుర్తుకే అమ్మ ఇన్నేళ్లూ ఓటేసింది. చర్చ లేని ఇంట్లో నాలుగు ఓట్లు ఉన్నా నిర్ణయం ఒక్కరిదే. అదే చట్టంలోని సెక్షన్ 94 ప్రకారం ఎవరికి ఓటేశావో చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఇంటికీ అదే పద్ధతి మంచిది: సమస్య గురించి ఎంతైనా మాట్లాడుకుందాం, ఓటు ఎవరికని అడగొద్దు. టీవీ, ఫోన్ కట్టేద్దాం. మొదటి మాట అమ్మకో చెల్లెకో ఇద్దాం. ఎందుకంటే డిగ్రీ ఉందన్న ధీమాతో అందరికన్నా ఎక్కువ మాట్లాడేది నేనే.

ఇది ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను. టీవీ ఆన్‌లో ఉంటే ఆ ఇద్దరూ ఇప్పటికీ అరుచుకుంటారు. కొత్త అల్లుడు వచ్చిన రోజో, చావు జరిగిన ఇంట్లోనో మాట్లాడకపోవడమే మర్యాద. కానీ ఒక పూటకు ఊరుకోవడం వేరు, ఎప్పటికీ ఊరుకోవడం వేరు.

వాన గట్టిగా పడి మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ గల్లీల్లోకి నీళ్లొస్తాయి. ఆ వానాకాలం ఒక రాత్రి అమ్మ అడిగింది, ఈ నీళ్ల గురించి ఎవర్ని అడగాలి అని. 74వ సవరణ, 12వ షెడ్యూల్, అందులోని 18 అంశాలు నాకు కంఠస్థం. హైదరాబాద్‌లో మంత్రుల పేర్లు బాపుకు కంఠస్థం. సూరత్‌లో వార్డుకు నలుగురు కార్పొరేటర్లు. మా వార్డు వాళ్లలో ఒక్కరి పేరూ మా ఇద్దరికీ రాలేదు. మర్నాడు కనుక్కుని నలుగురి పేర్లూ కాగితం మీద రాసి బియ్యం డబ్బా పైన గోడకు అంటించాను.