ఏకగ్రీవమట!

"మా కాలనీ సంఘానికి ఎన్నికలు ఏకగ్రీవంగా జరిగాయండీ" అని ఎవరైనా చెబితే మనం వెంటనే అభినందిస్తాం. తగువు లేదు, తంటా లేదు, కాలనీ అంతా ఒక్క మాట మీద ఉన్నారు, ఇంతకన్న కావలసిందేముంది అనుకుంటాం. నేను మాత్రం ఒక ప్రశ్న అడిగాకగాని అభినందించను. ఓటర్ల జాబితా ఎప్పుడు, ఎక్కడ అంటించారు? చాలాచోట్ల ఈ ప్రశ్నకు జవాబు చిరునవ్వే. జాబితా దేనికండీ, అందరం ఒకరికొకరం తెలిసినవాళ్ళమేగా అని.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు ఊళ్ళూ ఎట్లా పెరిగాయో అక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. పొలాలు ప్లాట్లయినాయి, ప్లాట్లు కాలనీలయినాయి. కాలనీ అన్న తర్వాత సంఘం ఉండాలి. బోరు మోటారు కాలిపోతే బాగు చేయించాలి, వాచ్‌మన్‌కు జీతమివ్వాలి, చవితికి పందిరి వేయించాలి. అన్నిటికన్న ముఖ్యం, లేఅవుటులో పార్కుకని విడిచిన జాగాలో రాత్రికి రాత్రి ఎవరూ గోడ లేపకుండా కనిపెట్టుకుని ఉండాలి. జీవితమంతా కూడబెట్టి ఇల్లు కట్టుకున్నవాడి సుఖశాంతులు సగం ఆ సంఘం చేతిలో ఉన్నాయన్నమాట.

అటువంటి సంఘానికి ఎన్నిక ఎట్లా జరుగుతుంది? ఆదివారం పొద్దున పదింటికి సభ. పదకొండుకు ఇరవైమంది పోగవుతారు. ఒక పెద్దమనిషి లేచి, "అన్నా, ఈసారి గూడ నువ్వే ఉండాలె" అంటాడు. ఆ అన్న రెండుసార్లు వద్దంటాడు, మూడోసారి మొహమాటపడతాడు. చప్పట్లు. టీలు. లెక్కలమాట ఎవరైనా ఎత్తితే "వాట్సాప్‌ల పెడతం తియ్యి" అని జవాబు. సభకు రానివాళ్ళు ఫోనులోనే బొటనవేలి బొమ్మ పంపి ఆమోదం తెలుపుతారు. పూర్వం అప్పుపత్రంలో ఏమి రాశారో తెలియక వేలిముద్ర వేసేవారంటే చదువులేక వేశారనుకోవచ్చు. చదువుకున్నవాళ్ళం, మనకేమొచ్చింది?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మన వైపు లెక్క అడగడమంటే మనిషిని అవమానించడమని ఒక భావం పాతుకుపోయింది. "నామీద నమ్మకం లేదా?" అంటాడు కార్యదర్శి. దానితో అడిగినవాడే తప్పు చేసినట్టు తల వంచుకుంటాడు. అదే మిర్యాలగూడ రైసుమిల్లు దగ్గరకు వెళ్ళి చూడండి. ధాన్యం తెచ్చిన రైతు కాంటా మీదనుంచి కన్ను తిప్పడు. తేమ ఎంత, తాలు ఎంత, తరుగు ఎంత అని నిలబెట్టి అడుగుతాడు. మిల్లు యజమాని ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాడైనా సరే అడుగుతాడు. అందుకు యజమాని చిన్నబుచ్చుకోడు, కాంటా ఉన్నది చూడడానికే గదా! ఆ రైతుబిడ్డే పట్నంలో ఇల్లు కట్టుకుని కాలనీవాడయేసరికి నెలనెలా కట్టే చందా ఏమవుతోందని అడగడానికి సిగ్గుపడతాడు.

లెక్క చూపించకపోతే ఎక్కువ నష్టం ఎవరికంటారు? దొంగకు కాదు, నిజాయితీపరుడికి. ఉద్యోగ విరమణ చేసిన ఏ మాస్టారో జీతం భత్యం లేకుండా మోటారు మెకానిక్ చుట్టూ, మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. రశీదులు జేబులో పెట్టుకుని మరిచిపోతాడు. ఆయన కొడుకు స్కూటరు కొన్న మర్నాడు చూడండి, గుసగుసలు మొదలు. గోడమీద అంటించిన ఒక్క కాగితం ఉంటే ఆ గుసగుసకు నోరు లేకపోయేది.

ఇక జాబితా సంగతి. ఎవరు ఓటరు? ఇల్లు ఇల్లాలి పేర రిజిస్టరయి ఉంటుంది, సభకు వచ్చి చెయ్యెత్తేది ఆయన. పక్కింటి అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అతని తరఫున "నాకు చెప్పి పోయిండు" అంటూ ఇంకొకరు మాట్లాడతారు. అద్దెకున్నవారు నీళ్ళ చందా కడతారు, వారికి మాట ఉందా లేదా? ఖాళీ ప్లాటు వారి సంగతేమిటి? బకాయి పడ్డవాడికి ఓటుందా? ఇవన్నీ బైలాలలో ఉండాలి. ఎన్నికనాడు పొద్దున తేల్చుకుందామంటే బలమైన గొంతే బైలా అవుతుంది.

సభ్యుల జాబితా ఎంత పని చేస్తుందో మన నల్గొండ ప్రాంతపు చరిత్రే చెబుతుంది. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండవ ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగు అణాలకు తగ్గించింది. ఆ రూపాయి పెట్టలేని రైతులు, కూలీలు విరివిగా చేరారు. సభ స్వరూపమే మారిపోయింది. పోటీ కూడా మనవాళ్ళకు కొత్త కాదు సుమండీ. 1996లో ఫ్లోరైడు నీటి బాధ దేశానికి తెలియాలని నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడితే బ్యాలెట్టు కాగితం పుస్తకమై కూర్చుంది. అటువంటి గడ్డమీద కాలనీ కోశాధికారి పదవికి ఇద్దరు నిలబడితే "పరువు పోతుంది" అంటారేమిటో!

చట్టం ఏమంటోందని అడుగుతారు కాబోలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరగవలసిన తేదీ తర్వాత పదిహేను రోజుల లోపల కార్యవర్గం పేర్లు, చిరునామాలు రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. వివాదం వస్తే మాత్రం రిజిస్ట్రారు తీర్పరి కాడు. 23వ సెక్షను కింద మధ్యవర్తిత్వానికి వెళ్ళాలి, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. చవితి చందా తగువు జిల్లా కోర్టుదాకా పోవడమంటే పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే. సమాచార హక్కు కింద అడగవచ్చు గదా అంటారా? సహకార సంఘాలు తమంతట తాము ఆ చట్టం కిందికి రావని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంఘాలకూ ఆ తర్కమే వర్తించే అవకాశం ఎక్కువ. అయితే రిజిస్ట్రారు దగ్గర ఉన్న సమాచారం అడగవచ్చునని ఆ తీర్పులోనే ఉంది. కనుక దాఖలైన కార్యవర్గం పేర్లు చూసుకునే దారి ఒకటుంది. మీరు చప్పట్లు కొట్టిన పేర్లూ అక్కడున్న పేర్లూ ఒకటేనా అని ఎప్పుడైనా చూశారా?

ఇదంతా ఇప్పటి పట్నవాసపు గొడవ అనుకోకండి. తమిళనాట కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో పరాంతక చోళుని కాలపు శాసనాలున్నాయి. సుమారు 920 నాటివి. ఊరి వారియాలకు, అంటే కమిటీలకు, ఎవరు అర్హులో వాటిలో చెక్కారు. సొంత జాగాలో కట్టుకున్న ఇంట్లో ఉంటూ ఉండాలి. ముప్పయ్యయిదుకు పైన, డెబ్బయికి లోపు వయసుండాలి. గడిచిన మూడేళ్ళలో కమిటీలో ఉన్నవాడు పనికిరాడు. అంతకన్న గొప్ప మాట ఇంకొకటుంది. కమిటీలో ఉండి లెక్కలు చూపించనివాడే కాదు, వాడి దగ్గర చుట్టాలూ అనర్హులే! పేర్లు తాటాకు ముక్కలమీద రాసి కుండలో వేసేవారు. సభ అంతా చూసేటట్టు ఆ కుండను పైకెత్తి చూపేవారు. లోపల ఏముందో తెలియని చిన్న పిల్లవాడిచేత ఒక ఆకు తీయించేవారు. అది అందరి సభా కాదు, బ్రాహ్మణ అగ్రహారం. ఆడవాళ్ళ ఊసే లేదు. ఆ లోపం మనకు వద్దు, ఆ కుండ మాత్రం కావాలి.

మనకు చోళరాజు ఆజ్ఞ అక్కరలేదు. ఎన్నికకు పదిహేను రోజుల ముందు సభ్యుల జాబితా, ఏడాది జమాఖర్చులు నీళ్ళ ట్యాంకు గోడకు అంటించండి. పొరపాటుంటే చెప్పడానికి వారం గడువివ్వండి. ఎన్నిక జరిపించడానికి పక్క కాలనీ నుంచి ఒక రిటైరైన హెడ్మాస్టరును బతిమాలి తెచ్చుకోండి. ఆయనకు ఇక్కడ ఓటూ ఉండదు, చుట్టరికమూ ఉండదు. ఖర్చంటారా? నాలుగు దస్తాల కాగితం, ఒక అట్టపెట్టె. మూత అంటించే ముందు ఆ పెట్టెను ఒకసారి పైకెత్తి, లోపల ఖాళీగా ఉందని వెనక వరుసవాళ్ళకు కూడా చూపించమనండి.